బ్యాటరీ మార్చాక బండి ఐడ్లింగ్‌లో నిలబడటం లేదంటే, పార్టులు కొనే ముందు చేయాల్సిన పని

మీరు రాసిన సంగతి క్లుప్తంగా ఇదీ: రాయగడలో ఉంటారు, పదేళ్ళు దాటిన పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, మాన్యువల్ గేర్లు. పాత బ్యాటరీ చచ్చిపోతే కొత్తది వేయించారు. ఆ సాయంత్రం నుంచే ఐడ్లింగ్‌లో, అంటే ఎక్సలేటర్ తొక్కకుండా ఇంజన్ ఊరికే తిరుగుతున్నప్పుడు, ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) 500కీ 900కీ మధ్య ఊగుతోంది, రైల్వే గేటు దగ్గర ఆపితే ఇంజన్ ఆగిపోతోంది, ఏసీ వేస్తే ఇక చెప్పక్కర్లేదు. అంతకు ముందు రోజు దాకా ఏ ఇబ్బందీ లేదు. ఒక మెకానిక్ థ్రాటిల్ బాడీ (ఇంజన్‌లోకి గాలి వదిలే భాగం) మొత్తం మార్చాలన్నాడు, ఇంకొకాయన కొత్త బ్యాటరీయే మంచిది కాదన్నాడు.

ఇద్దరిలో ఎవరి మాటకీ ఇప్పుడే డబ్బు తీయకండి. రాయగడ, జయపురం, కోరాపుట్ వైపు బండ్ల కరెంటు పని చాలా కాలంగా చేస్తున్నవాడిగా చెబుతున్నాను, బ్యాటరీ మార్చిన రోజే మొదలైన ఐడ్లింగ్ గొడవల్లో ఎక్కువ భాగం పార్టు పోయి వచ్చేవి కావు. ఇంజన్‌ని నడిపే కంప్యూటర్, అదే ఈసీఎం, దాని మెమరీ చెరిగిపోవడం వల్ల వచ్చేవి. ఇన్నాళ్ళూ ఆ మెమరీ సర్దుకుంటూ వచ్చిన మసి లోపల ఉంది, ఇప్పుడు అది బయటపడింది. ముందు శుభ్రం చేయాలి, తరవాత ఈసీఎంకి మళ్ళీ నేర్పాలి, అప్పటికీ కుదరకపోతేనే పార్టు గురించి ఆలోచించాలి. ఈ వరస తప్పితే వేలకు వేలు పోతాయి, జబ్బు మాత్రం అక్కడే ఉంటుంది.

ఎందుకలా అవుతుందో చెబుతాను, ఇది అర్థమైతే మిగతాదంతా మీకే తెలిసిపోతుంది. మనం ఎక్సలేటర్ మీద కాలు పెట్టకపోయినా ఇంజన్ తిరగడానికి కొంచెం గాలి కావాలి. ఆ గాలి థ్రాటిల్ బాడీలో ఉండే గుండ్రటి రేకు అంచు చుట్టూ సన్నటి సందులోంచి పోతుంది. ఇంజన్ లోపలి ఆయిల్ ఆవిరి బ్రీదర్ పైపు ద్వారా తిరిగి ఇన్‌టేక్‌లోకే, అంటే ఇంజన్ గాలి పీల్చే దారిలోకే, వస్తుంది కాబట్టి ఏళ్ళు గడిచేకొద్దీ ఆ రేకు అంచు మీద, దాని వెనక గోడ మీద జిగట మసి పేరుకుంటుంది, సందు మూసుకుపోతూ వస్తుంది. ఆర్‌పీఎం పడిపోతోందని చూసిన ఈసీఎం రేకుని ఇంకాస్త తెరుస్తుంది, ఎంత తెరిస్తే సరిపోయిందో ఆ లెక్క గుర్తు పెట్టుకుంటుంది. మసి పెరిగేకొద్దీ లెక్క మారుస్తూ పోతుంది. డ్రైవరుకి ఏమీ తెలియదు, బండి హాయిగా నడుస్తూనే ఉంటుంది. బ్యాటరీ వైరు విప్పగానే చాలా బండ్లలో ఆ లెక్క తుడిచిపెట్టుకుపోతుంది. ఈసీఎం మళ్ళీ కంపెనీలో రాసిన మొదటి లెక్క ప్రకారం రేకు తెరుస్తుంది, ఆ లెక్క శుభ్రమైన థ్రాటిల్‌కి రాసింది, మీ థ్రాటిల్ శుభ్రంగా లేదు. గాలి చాలదు, ఇంజన్ ఆగిపోతుంది.

వానాకాలంలో ఉబ్బిన పాత తలుపు లాంటిదే ఇది. ఇంట్లోవాళ్ళు అలవాటు మీద కాస్త పైకెత్తి లాగుతారు, వాళ్ళకి ఇబ్బందే అనిపించదు, కొత్తగా వచ్చిన చుట్టం మామూలుగా లాగితే తలుపు రాదు. తలుపు ఆ చుట్టం వచ్చిన రోజున ఉబ్బలేదు.

గాలి లెక్కతో పాటు పెట్రోల్ లెక్క కూడా చెరిగిపోతుంది. ఫ్యూయల్ ట్రిమ్ అంటారు దాన్ని, పొగ గొట్టంలో ఉండే ఆక్సిజన్ సెన్సర్ చెప్పే మాట విని ఈసీఎం ఎంత పెట్రోల్ ఎక్కువ పోయాలో, ఎంత తగ్గించాలో నేర్చుకుని దాచుకునేది. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్. ఒక కిలో పెట్రోల్ కాలడానికి 14.7 కిలోల గాలి కావాలంటే ఇథనాల్‌కి 9 కిలోలే చాలు, అంటే అదే గాలికి ఇంధనం కొంచెం ఎక్కువ పోయాలి. పాత బండి అది మెల్లగా నేర్చుకుని నడుస్తూ ఉండింది, మెమరీ పోగానే మళ్ళీ సున్నా దగ్గర మొదలు. కాబట్టి మొదటి ఒకటి రెండు రోజులు కొంచెం మిస్సింగ్ లాగా, కొంచెం దడగా ఉండటం మామూలే, అంతమాత్రానికి ఇంజక్టర్లు విప్పించకండి.

ఇక పని. థ్రాటిల్ జోలికి వెళ్ళే ముందు బ్యాటరీ దగ్గర చూడాల్సినవి ఉన్నాయి, ఎందుకంటే ఆ సాయంత్రం స్పానర్ పెట్టింది అక్కడే. బోనెట్ ఎత్తి రెండు టెర్మినల్ క్లాంపుల్నీ చేత్తో పట్టుకుని తిప్పి చూడండి. వెంట్రుకంత కదిలినా అది లూజే. ఇక్కడ మన షాపుల్లో జరిగే ఒక పని గురించి గట్టిగా చెప్పాలి. బ్యాటరీ పోస్టుల్లో లావువి, సన్నవి రెండు రకాలు ఉంటాయి, పాజిటివ్ లావుది సుమారు 19.5 మిల్లీమీటర్లు, సన్నది 14.7 మిల్లీమీటర్లు. లావు పోస్టు క్లాంపు ఉన్న బండికి సన్న పోస్టు బ్యాటరీ ఇచ్చి, మధ్యలో సీసం ముక్కో, రాగి తీగ చుట్టో, ఒక్కోసారి మేకో దూర్చి బిగించేస్తారు. సెల్ఫ్ కొడుతుంది కాబట్టి అందరూ బాగానే ఉందనుకుంటారు, కానీ గతుకుల రోడ్డు మీద అది ఒక్క క్షణం వదిలి పట్టుకుంటే చాలు, ఈసీఎంకి కరెంటు పోయి మళ్ళీ వచ్చినట్టే, నేర్చుకున్నది మళ్ళీ పోవచ్చు. మీరు రెండు రోజులు ఓపిగ్గా నేర్పించినా మూడో రోజు మొదటికే రావచ్చు. అలాంటిది ఉంటే సరైన పోస్టు ఉన్న బ్యాటరీ ఇమ్మనండి, లేదా అదే కొలతకి దొరికే సీసం తొడుగు వేయించండి. పొరపాటున కూడా మేకుతో సర్దుకోకండి.

మల్టీమీటర్ ఉంటే తెచ్చుకోండి, లేకపోతే ఏ ఎలక్ట్రీషియన్ దగ్గరైనా ఉంటుంది. బండి రాత్రంతా ఆగి ఉన్నాక పొద్దున్నే బ్యాటరీ మీద 12.6 వోల్టుల దగ్గర చూపించాలి, 12.4 అంటే ముప్పావు వంతు ఛార్జు, 12.2 అంటే సగమే. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కిందికి పడకూడదు. ఇంజన్ తిరుగుతుంటే మామూలు బండ్లలో 13.8 నుంచి 14.5 మధ్య రావాలి, కొత్త రకం బండ్లలో ఆల్టర్నేటర్‌ని (ఇంజన్‌తో తిరిగి బ్యాటరీని నింపేది) ఈసీఎం అదుపు చేస్తుంది కాబట్టి కొంతసేపు అంతకన్నా తక్కువ చూపించినా కంగారు పడక్కర్లేదు. ఈ అంకెలు ఎందుకంటున్నానంటే, చిన్న ఊళ్ళ షాపుల్లో బ్యాటరీ నెలల తరబడి అరలో పడి ఉంటుంది, వేడికి దానంతటదే ఛార్జు దిగిపోతుంది, దాన్ని అలాగే తీసి బిగించేస్తారు. సగం ఖాళీ బ్యాటరీని నింపడానికి ఆల్టర్నేటర్ ఐడ్లింగ్‌లోనే 50 ఆంపియర్ల దాకా తోయాల్సి వచ్చిందనుకోండి, 14 వోల్టుల దగ్గర అది 700 వాట్లు, బెల్టు దగ్గర, ఆల్టర్నేటర్ లోపల పోయే నష్టం కలుపుకుంటే ఇంజన్ మీద ఒకటిన్నర హార్స్‌పవర్ బరువు. మెమరీ లేని ఇంజన్‌కి, మసి పట్టిన థ్రాటిల్‌కి ఆ బరువు ఎక్కువే. కాబట్టి 12.4 కన్నా తక్కువ ఉంటే ముందు ఛార్జర్ మీద పెట్టి పూర్తిగా నింపించండి, ఆ తరవాతే మిగతా పని.

ఎర్త్ కూడా చూడాలి, దీన్ని చాలామంది వదిలేస్తారు. బ్యాటరీ నెగెటివ్ నుంచి బాడీకి ఒక వైరు, బాడీ నుంచి ఇంజన్‌కో గేర్‌బాక్స్‌కో ఇంకో వైరు ఉంటాయి. మన వైపు వానలకి, తేమకి ఆ బోల్టు కింద తుప్పు పట్టేస్తుంది. ఇంజన్ ఆన్‌లో ఉంచి హెడ్‌లైట్లు, బ్లోయరు వేసి, మీటర్ ఒక ముల్లు బ్యాటరీ నెగెటివ్ పోస్టు మీద, రెండోది ఇంజన్ మీద రంగు లేని ఇనుము మీద పెట్టండి. 0.1 వోల్టు లోపు ఉండాలి. సెల్ఫ్ కొట్టేటప్పుడు 0.3 దాటితే ఆ ఎర్త్ విప్పి, గరుకు కాగితంతో రుద్ది బిగించాల్సిందే. ఎర్త్ సరిగ్గా లేకపోతే సెన్సర్లన్నీ తప్పుడు లెక్కలు చెబుతాయి, మీరు ఎన్ని పార్టులు మార్చినా ప్రయోజనం ఉండదు.

పాత బ్యాటరీ దిగిపోయినప్పుడు ఎవరైనా జంపర్ వైర్లు తగిలించి స్టార్ట్ చేశారా? అప్పుడు ప్లస్, మైనస్ తారుమారైతే పెద్ద ఫ్యూజు పోతుంది, ఒక్కోసారి ఆల్టర్నేటర్‌లో డయోడ్లు దెబ్బ తింటాయి. డయోడ్ పోతే ఛార్జింగ్ వోల్టేజీ బాగానే కనిపిస్తుంది కానీ అందులో ఆల్టర్నేటింగ్ (ఏసీ) కరెంటు కలిసి వస్తుంది. మీటర్ ఏసీ వోల్టుల మీద పెట్టి ఇంజన్ ఆన్‌లో బ్యాటరీ మీద చూస్తే అర వోల్టు దాటకూడదు.

ఇంకొకటి, బ్యాటరీ తీసేటప్పుడు చాలా బండ్లలో ఎయిర్ ఫిల్టర్ డబ్బా గానీ, గాలి గొట్టం గానీ అడ్డొస్తాయి, వాటిని విప్పో, పక్కకి నెట్టో పని చేస్తారు. అక్కడ ఒక చిన్న రబ్బరు పైపు ఊడినా, క్లిప్ సరిగ్గా పడకపోయినా ఐడ్లింగ్ పాడవుతుంది. థ్రాటిల్ తరవాత భాగంలో గాలి లీకైతే కొన్ని బండ్లలో ఆర్‌పీఎం 1200, 1500కి లేచి నిలబడుతుంది, కొన్నింటిలో పైకీ కిందికీ ఊగుతుంది. మీ బండి ఊగుతోందన్నారు కాబట్టి ఇది తప్పకుండా చూడండి. సెన్సర్ల ప్లగ్గులు కూడా ఒక్కొక్కటి నొక్కి చూడండి, టిక్కుమని పడాలి. లీకు వెతకడానికి కొందరు వేడి ఇంజన్ మీద కార్బ్ క్లీనర్ కొడతారు, అది మండిపోయే సరుకు, మీరు ఆ పని చేయకండి. పైపుల్ని ఒక్కొక్కటిగా మెల్లగా నొక్కి పట్టుకుని ఆర్‌పీఎం మారుతుందేమో చూడండి, లేదా ఇగ్నిషన్ కాయిల్స్ మీద పడకుండా గొట్టాల అతుకుల దగ్గర నీళ్ళు సన్నగా కొట్టి చూడండి. ఎలుకలు కొరికిన పైపులు, వైర్లు మన ఊళ్ళలో మామూలు, ముఖ్యంగా వరి కోతల తరవాత ఇంటి పక్కన బండి పెట్టేవాళ్ళకి.

ఇవన్నీ బాగున్నాయంటే ఇక థ్రాటిల్ బాడీయే. ఎయిర్ గొట్టం విప్పితే ఎదురుగా రేకు కనిపిస్తుంది, టార్చి వేసి చూడండి. అంచు చుట్టూ నల్లటి వలయం కనిపిస్తే మీ జబ్బు అదే. దమన్‌జోడి వైపు, గనుల రోడ్ల మీద తిరిగే బండ్లలో ఎర్ర దుమ్ము ఆ ఆయిల్‌తో కలిసి ముద్దలా పట్టి ఉంటుంది, అలా ఉంటే ఎయిర్ ఫిల్టర్ కూడా తీసి చూడండి, డబ్బా మూత సరిగ్గా కూర్చోకపోతే దుమ్ము ఫిల్టర్‌ని తప్పించుకుని లోపలికి పోతుంది.

శుభ్రం చేయడానికి థ్రాటిల్ బాడీ క్లీనర్ స్ప్రే డబ్బా చాలు, కొన్ని వందల రూపాయల్లో వస్తుంది. తాళం చెవి తీసేసి, ఇంజన్ చల్లబడ్డాక మొదలుపెట్టండి. స్ప్రేని నేరుగా లోపలికి గుమ్మరించకుండా మెత్తటి గుడ్డ మీద కొట్టుకుని రేకు అంచు, చుట్టూ గోడ, రేకు వెనక వైపు తుడవండి. మీది ఎలక్ట్రానిక్ థ్రాటిల్ అయితే, అంటే ఎక్సలేటర్ నుంచి కేబుల్ లేకుండా వైరు మాత్రమే వచ్చేది అయితే, తాళం ఆన్‌లో ఉండగా ఆ రేకుని వేలితో తోయకండి, మోటారు ఒక్కసారిగా మూసిందంటే వేలు నలుగుతుంది, లోపలి ప్లాస్టిక్ పళ్ళు కూడా దెబ్బ తింటాయి. తాళం తీసి ఉన్నా బలం పెట్టకండి. ఉప్పు కాగితం, ఇనప బ్రష్షు వద్దు, కొన్ని థ్రాటిల్స్‌కి రేకు అంచు మీద కంపెనీ వేసిన సన్నటి పూత ఉంటుంది, అది మసి అనుకుని గీకేస్తే ఐడ్లింగ్ ఇక కుదురుకోకపోవచ్చు. గాలి గొట్టంలో ఎయిర్‌ఫ్లో సెన్సర్ ఉంటే దాని మీద ఈ స్ప్రే పడకూడదు, దానికి వేరే స్ప్రే ఉంది.

కేబుల్ థ్రాటిల్ ఉన్న పాత బండ్లలో రేకు పక్కన చిన్న మోటారు ఒకటి ఉంటుంది, ఐడిల్ మోటారు అంటాం. దాని ముల్లు కూర్చునే రంధ్రంలో కూడా మసి పడుతుంది. రెండు స్క్రూలు విప్పి శుభ్రం చేస్తే ఎక్కువసార్లు అదే పని చేస్తుంది. ముల్లుని చేత్తో లాగకండి, నొక్కకండి, గుడ్డతో తుడిస్తే చాలు.

శుభ్రం చేశాక ఒక తమాషా అయిన మార్పు కనిపించవచ్చు, దాన్ని చూసి భయపడకండి. ఇప్పటిదాకా 500కి పడిపోతున్న ఆర్‌పీఎం 1300 దగ్గర నిలబడుతుంది. బ్యాటరీ మార్చాక మీరు ఈ రెండు రోజులు నడిపారు కదా, ఈసీఎం మసి థ్రాటిల్‌కి సరిపడా మళ్ళీ కొంత నేర్చుకుంది, ఇప్పుడు మసి పోయింది, గాలి ఎక్కువైంది. మసి ఉండగా మెమరీ పోతే ఆర్‌పీఎం పడిపోతుంది, మెమరీ ఉండగా మసి పోతే ఆర్‌పీఎం లేస్తుంది, ఈ ఒక్క సంగతి గుర్తుంచుకోండి. అందుకే శుభ్రం చేసిన వెంటనే మెమరీ కూడా చెరిపేయాలి. బ్యాటరీ నెగెటివ్ క్లాంపు విప్పి పావుగంట ఉంచండి. కొన్ని బండ్లలో ఈ లెక్క కరెంటు పోయినా చెరగని చిప్‌లో ఉంటుంది, వాటికి స్కానర్‌తోనే (ఈసీఎంకి తగిలించి లోపల ఏముందో చదివే పరికరం) రీసెట్ చేయాలి.

తరవాత నేర్పడం. ఏసీ, లైట్లు, బ్లోయరు, పాటలు, ఫోన్ ఛార్జరు అన్నీ ఆపండి. తాళం ఆన్ చేయండి, స్టార్ట్ చేయకండి, ఎక్సలేటర్ తాకకండి. అర నిమిషం ఆగితే థ్రాటిల్ దగ్గర సన్నగా గుర్రుమనే శబ్దం వినిపిస్తుంది, అది తన రేకు ఎక్కడ మూసుకుంటుందో కొలుచుకుంటోంది. తాళం ఆఫ్ చేసి పావు నిమిషం ఆగండి. ఇంకోసారి అలాగే చేయండి. ఇప్పుడు ఎక్సలేటర్ తొక్కకుండా స్టార్ట్ చేయండి. ఆగిపోతుంటే ఇంజన్ వేడెక్కే దాకా 1500 దగ్గర కాలితో పట్టుకోవచ్చు, వేడెక్కాక కాలు పూర్తిగా తీసేయండి. రేడియేటర్ ఫ్యాను రెండుసార్లు తిరిగి ఆగే దాకా అలాగే వదిలేయండి. అప్పుడు ఏసీ వేసి ఐదు నిమిషాలు, తరవాత హెడ్‌లైట్లు కూడా వేసి ఐదు నిమిషాలు. ఏసీ వేసినప్పుడు ఆర్‌పీఎం కొంచెం దిగి, వెంటనే మామూలు కన్నా కాస్త పైన నిలబడాలి. తరవాత ఒక ఇరవై, ముప్ఫై కిలోమీటర్లు అన్ని గేర్లలో నడపండి, మధ్య మధ్యలో గేర్‌లో ఉండగానే ఎక్సలేటర్ వదిలి బండిని దానంతటది నెమ్మదించనివ్వండి. ఆక్సిజన్ సెన్సర్ లెక్కలు కుదురుకునేది ఇలాంటి నడకలోనే.

ఇది సాధారణ పద్ధతి, కంపెనీని బట్టి తేడాలున్నాయి. హోండా బండ్లకి లోడ్ ఏమీ లేకుండా 3000 ఆర్‌పీఎం దగ్గర ఫ్యాను తిరిగే దాకా పట్టుకుని, తరవాత ఐదు నిమిషాలు ఐడ్లింగ్‌లో వదలాలి. నిస్సాన్ బండ్లకి ఎక్సలేటర్ తొక్కే వరస సెకన్ల లెక్కన ఉంటుంది, ఇంట్లో కుస్తీ పడే కన్నా స్కానర్‌తో చేయించడం మంచిది. మిగతావాటికి పుస్తకం చూసుకోండి.

స్కానర్ అంటే గుర్తొచ్చింది, 2013 ఏప్రిల్ తరవాత తయారైన కార్లకి ఓబీడీ-2 (బండి తన లోపాల్ని తానే కోడ్‌లుగా చెప్పే ఏర్పాటు) తప్పనిసరి, స్టీరింగ్ కింద సాకెట్ ఉంటుంది, ఫోన్‌కి బ్లూటూత్‌తో కలిసే ఈఎల్ఎం 327 అనే చిన్న స్కానర్ ఒకటి కొనుక్కోండి. రాయగడ నుంచి ప్రతిదానికీ విజయనగరమో, బరంపురమో పోలేం కదా. పి 0506 అంటే ఐడ్లింగ్ ఉండాల్సిన దానికన్నా తక్కువ, పి 0507 అంటే ఎక్కువ, పి 0171 అంటే గాలి ఎక్కువై పెట్రోల్ తక్కువైంది. కోడ్ కన్నా లైవ్ డేటా, అంటే అప్పటికప్పుడు సెన్సర్లు చూపించే అంకెలు, ముఖ్యం. వేడి ఇంజన్ ఐడ్లింగ్‌లో ఫ్యూయల్ ట్రిమ్ ప్లస్ 20 శాతం ఉండి, 2500 ఆర్‌పీఎంకి లేపగానే సున్నా దగ్గరికి వచ్చేస్తే అది ఎక్కువసార్లు గాలి లీకే. రెండు చోట్లా ప్లస్‌లోనే ఉంటే పెట్రోల్ పంపు, ఫిల్టరు, ఇంజక్టర్ల వైపు చూడాలి. కూలెంట్ ఉష్ణోగ్రత మైనస్ 40 చూపిస్తే ఆ సెన్సర్ ప్లగ్గు ఊడిందని అర్థం.

మన కొండ ప్రాంతం వాళ్ళకి పనికొచ్చే పరీక్ష ఇంకొకటి ఉంది. ఇంజన్ ఆపి తాళం మాత్రం ఆన్ చేసి, మ్యాప్ సెన్సర్ (ఇన్‌టేక్‌లో గాలి ఒత్తిడి కొలిచేది) స్కానర్‌లో ఎంత చూపిస్తుందో చూడండి, బయటి గాలి ఒత్తిడి ఎంతో అంతే చూపించాలి. విశాఖ సముద్రం ఒడ్డున అయితే 101 కిలోపాస్కల్స్, రాయగడలో 98, 99, కోరాపుట్‌లో 91 దగ్గర. కోరాపుట్‌లో కూడా 100 చూపిస్తే సెన్సర్ తప్పు చెబుతోంది. సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కి కోరాపుట్ చేరేసరికి గాలి దాదాపు పదో వంతు పలచబడుతుంది, అదే ఐడ్లింగ్‌కి రేకు ఇంకాస్త తెరుచుకోవాలి. కొత్తగా మెమరీ చెరిగిన, మసి పట్టిన బండి కింద సాలూరులో ఎలాగో నిలబడి, పైన ఆగిపోవడానికి కారణం ఇదే. పెట్రోల్ కల్తీ అని బంకు వాళ్ళతో గొడవ పడేవాళ్ళని చూశాను, ముందు థ్రాటిల్ చూసుకోవాలి.

ఘాట్ గురించి మాత్రం బతిమాలి చెబుతున్నాను. ఇంజన్ ఆగిపోయే బండితో ఘాట్ దిగకండి. ఇంజన్ ఆగితే, బ్రేకుని తేలిక చేసే బూస్టర్‌లో మిగిలిన వాక్యూమ్ ఒకటి రెండు తొక్కులకే సరిపోతుంది, తరవాత పెడల్ రాయిలా గట్టిపడుతుంది, స్టీరింగ్ బరువెక్కుతుంది. సుంకి మలుపుల్లో ఖనిజం లారీ ఎదురొస్తున్నప్పుడు ఆ పరిస్థితి ఎవరికీ రాకూడదు. తప్పనిసరై వెళ్ళాల్సి వస్తే గేర్‌లోనే దిగండి, న్యూట్రల్ చేయకండి, క్లచ్ తొక్కి పెట్టకండి, గేర్‌లో ఉంటే చక్రాలే ఇంజన్‌ని తిప్పుతూ ఉంటాయి. అసలు బండి బాగయ్యే దాకా ప్రయాణం వాయిదా వేసుకుంటే ఇంకా మంచిది.

ఆర్‌పీఎం 1500 దగ్గర బిగుసుకుపోయి, ఎక్సలేటర్ తొక్కినా పెద్దగా లేవకుండా, చెక్ లైట్ వెలుగుతుంటే మాత్రం కథ వేరు. థ్రాటిల్ మోటారునో, పెడల్ సెన్సర్‌నో ఈసీఎం నమ్మడం మానేసి బండిని బలవంతంగా నెమ్మదిగా నడుపుతోంది. అప్పుడు స్కానర్ పెట్టాల్సిందే, పార్టు అవసరం పడొచ్చు.

మీలాంటి ప్రశ్నే వేరే బండ్ల వాళ్ళకి కూడా ఉంటుంది కాబట్టి నాలుగు మాటలు. డీజిల్ బండికి ఈ థ్రాటిల్ మసి లెక్క వర్తించదు, అక్కడ ఐడ్లింగ్‌ని డీజిల్ పోసే మోతాదే నిలబెడుతుంది, బ్యాటరీ మార్చాక డీజిల్ ఇంజన్ దడదడలాడితే ముందు వోల్టేజీ, ఎర్త్ చూడండి. కార్బురేటర్ ఉన్న పాత బండ్లకి మెమరీయే లేదు, కాకపోతే కార్బురేటర్ మీద ఉండే సోలెనాయిడ్ (కరెంటుతో తెరుచుకునే చిన్న వాల్వు) వైరు ఊడిందేమో చూడాలి. గ్యాస్ కిట్ ఉంటే అన్ని పరీక్షలూ పెట్రోల్ మీదే చేయండి, పెట్రోల్‌లో కుదిరాకే గ్యాస్ సంగతి. ఏఎంటీ బండ్లలో, అంటే క్లచ్ పెడల్ లేకుండా గేర్లు దానంతటవే మారేవాటిలో, క్లచ్ లెక్క కూడా చెరిగి కుదుపులు వస్తే దాన్ని కంపెనీ స్కానర్‌తోనే సరిచేయించాలి. సిగ్నల్ దగ్గర దానంతటదే ఆగి స్టార్ట్ అయ్యే రకం బండికి మామూలు బ్యాటరీ వేయకండి, దానికి మాటిమాటికీ స్టార్ట్ చేయడాన్ని తట్టుకునే ఈఎఫ్‌బీ గానీ ఏజీఎం గానీ రకం బ్యాటరీ కావాలి, నెగెటివ్ క్లాంపు మీద ఉండే చిన్న సెన్సర్‌ని సుత్తితో కొట్టి దింపనివ్వకండి. పవర్ విండో ఒక్క నొక్కుకి పైకి రాకపోవడం, స్టీరింగ్ లైట్ వెలగడం కూడా మెమరీ పోయిన గుర్తులే. అద్దం పూర్తిగా పైకి లేపి స్విచ్ రెండు సెకన్లు పట్టుకుంటే చాలా బండ్లలో కుదురుతుంది, స్టీరింగ్ ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పి కొంచెం దూరం తిన్నగా నడిపితే లైట్ ఆరుతుంది.

మెమరీ పోకుండా బ్యాటరీ మార్చే సాధనాలు ఉన్నాయి కదా అని కొందరు అడుగుతారు, ఓబీడీ సాకెట్‌లో వేరే చిన్న బ్యాటరీ తగిలించి ఉంచేవి. నా అభిప్రాయం, పదేళ్ళ బండికి వాటి అవసరం లేదు. అవి మసిని ఇంకో ఏడాది దాచిపెడతాయి, అంతే. పైగా అది తగిలించి ఉండగా పాజిటివ్ క్లాంపులో కరెంటు ఉంటుంది, బాడీకి తగిలితే నిప్పురవ్వలు లేస్తాయి. దానికన్నా బ్యాటరీ మార్చే రోజునే థ్రాటిల్ శుభ్రం చేయించేయండి, మెమరీ ఎలాగూ పోతుంది కాబట్టి రెండూ ఒకేసారి కుదిరిపోతాయి. విప్పేటప్పుడు నెగెటివ్ ముందు, బిగించేటప్పుడు నెగెటివ్ చివర. కొన్న షాపులో వారంటీ కార్డు మీద తారీఖు, సీలు వేయించుకున్నారో లేదో ఇవాళే చూసుకోండి.

ఇంతా చేశాక వేడి ఇంజన్ 650, 850 మధ్య కదలకుండా నిలబడి, ఏసీ వేసినా ఆగకపోతే పని అయిపోయింది. అలా కాకపోతే పొద్దున్నే బ్యాటరీ వోల్టేజీ, ఇంజన్ ఆన్‌లో వోల్టేజీ, ఇంజన్‌కీ నెగెటివ్‌కీ మధ్య వోల్టేజీ, స్కానర్‌లో కోడ్, ఐడ్లింగ్‌లోనూ 2500 దగ్గరా ఫ్యూయల్ ట్రిమ్ ఎంతో రాయండి. విప్పినప్పుడు థ్రాటిల్ ఫొటో ఒకటి, బ్యాటరీ పోస్టు, క్లాంపు దగ్గర నుంచి ఒకటి తీసి పెట్టండి. అవి చూస్తే తరవాత ఏ పైపు విప్పాలో, ఏ వైరు చూడాలో చెప్పగలను. అప్పటిదాకా థ్రాటిల్ బాడీకి అడ్వాన్స్ ఇవ్వకండి.